ఎద్దుకు పెట్టిన ఆకురొట్టె

నేను చీమలు తిన్నానని మా భద్రాచలం రేవులో అందరూ చెప్పుకుంటున్నారు. నిజమే, తిన్నాను. ఈ సంగతి బయటపడ్డాక నా కొట్టుకి రావడం మానేసినవాళ్ళున్నారు. ఎదురుపడితే చీర కుచ్చెళ్ళు దగ్గరికి పట్టుకుని పక్కకి తప్పుకునే ముసలమ్మలున్నారు. వాళ్ళమీద నాకు కోపం లేదు. వాళ్ళ చోట నేనున్నా ఆ పనే చేసేదాన్ని, ఎందుకంటే నా అంత పిరికిది ఈ గోదావరి గట్టుమీద మరొకతె లేదు. భుజంమీద బల్లి పడితే తలంటుకుని, దీపం పెట్టుకుని, మర్నాటిదాకా ఏమవుతుందోనని చూస్తూ కూర్చునే రకాన్ని నేను. అలాంటిదాన్ని బస్తర్ సంస్థానం వెళ్ళి, సుక్మా సంతలో అందరి కళ్ళూ నామీదే ఉండగా ఎర్రచీమల పచ్చడి ఎందుకు తిన్నానో మొదటినుంచీ చెబితేనే గాని అర్థం కాదు. అటువైపు వెళ్ళనివాళ్ళు ఎలాగూ చదువుతారు కాబట్టి దారి సంగతులు కూడా రాస్తాను.

నాకున్నది ఒక్క చెల్లెలు, కనకం. దాని మొగుడు దంతెవాడలో ఉప్పు, బట్టలు అమ్మే కొట్టు పెట్టాడు. కనకానికి తొలికాన్పు. అమ్మ లేదు. నిండు నెలలతో ఆ అడవి దారిన బండిమీద దాన్ని పుట్టింటికి తీసుకొచ్చే ధైర్యం ఎవరికీ లేదు. మా ఆయన పోయాక అట్ల కొట్టు పెట్టుకుని బతుకుతున్నదాన్ని, నాకు అడ్డం చెప్పేవాళ్ళూ లేరు, నా బదులు వెళ్ళేవాళ్ళూ లేరు. ఫాల్గుణం మొదట్లో పెనం బోర్లించి, కొట్టుకి తాళం వేసి బయల్దేరాను.

పడవలో

కూనవరం దాకా గోదావరి, అక్కణ్ణించి కుంట దాకా శబరి. రెండు నదులూ కలిసేచోట పడవ కాస్త ఊగింది. నేను కళ్ళు మూసుకుని పక్కాయన భుజం పట్టేసుకున్నాను. కళ్ళు తెరిచాక సిగ్గుతో చచ్చాను. ఆయన కోరంగి మనిషి, వయసులో ఓడలమీద వంటపని చేశాట్ట. ఇప్పుడు కలప కొనడానికి కుంట వెళుతున్నాడు. నా భయం చూసి నవ్వలేదు. నా మూటలో దిబ్బరొట్టె వాసన పసిగట్టి, రొట్టెల కబుర్లు మొదలుపెట్టాడు.

సముద్రాల అవతల మెక్సికో అని ఒక దేశముందిట. అక్కడ మొక్కజొన్నల్ని సున్నపునీళ్ళలో ఉడికించి, రుబ్బి, అరచెయ్యంత రొట్టెలు కాలుస్తారట. వాటిని మడిచి, మధ్యలో కూరో పచ్చడో పెట్టి తింటారట. దాని పేరు టాకో. పెళ్ళయినా చావయినా అది లేకుండా విస్తరి వెయ్యరట. ఇంట్లో కంటే వీధిలో తినేవాళ్ళే ఎక్కువట, దొరా కూలీ ఒకే పొయ్యి దగ్గర నిలబడి తింటారట. కంచం ఉండదు, రొట్టే కంచం. మధ్యలో ఏం పెడతారని అడిగాను. ఏదైనా పెడతారన్నాడు. మాంసం, చిక్కుళ్ళు, మిరపకాయల పచ్చడి, ఆఖరికి వేయించిన మిడతలు, చీమగుడ్లు కూడా. నేను ఛీ అన్నాను. ఆయన దిబ్బరొట్టె తుంచుకుంటూ, ఆకలిమీద ఉన్నప్పుడు తానూ ఛీ అనే తిన్నానన్నాడు. ఆ మాటల్లో పడి దారిలోని సుడులు దాటామని గమనించనే లేదు.

కుంట

కుంటలో మా కనకం బావగారు పాపయ్య ఇంట్లో దిగాను. వాళ్ళది మూడు తరాలుగా అక్కడే వ్యాపారం. వాళ్ళింట్లో తెలుగు, కొట్లో హిందీ, గుమ్మం దిగితే కోయమాట. మా రేవులో ఉప్పు కింద పడితే తొక్కుకుంటూ పోతాం. ఇక్కడ కావడి నిండా చింతపండు మోసుకొచ్చి కుంచెడు ఉప్పు పట్టుకెళుతున్నారు. ఆ ఉప్పుని మూట కట్టుకునేటప్పుడు వాళ్ళు చూసే చూపు, మేం బంగారం తూచేటప్పుడు చూసే చూపు.

దంతెవాడ దాకా పాపయ్యగారే తోడు. బయల్దేరేముందు నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. ఇప్పచెట్ల కింద పూలకోసం ఎలుగుబంట్లు వస్తాయి కాబట్టి బండి దిగొద్దన్నారు. పులి సంగతి రెండుసార్లు చెప్పారు. ఇక అన్నిటికంటే గొంతు తగ్గించి చెప్పినది తిండిలో మందు పెట్టే ఆడవాళ్ళ గురించి.

"వదినా, అడివిల ఎవ్వరన్న చేతిల ఏదన్న పెడితే తినమాక. వద్దని మొకంమీద అనమాక గూడ. తీసుకో, కండ్లకద్దుకో, బండికాడికి తెచ్చెయ్. అంతే."

ఇలాంటివి నమ్మనని చెప్పేటంత గొప్పదాన్ని కాను. మా వీధిలో నిమ్మకాయ కనిపిస్తే నేను చుట్టు తిరిగి వెళతాను. ఆ రాత్రి నా అటుకుల సంచీ, ఆవకాయ జాడీ, ఉప్పు డబ్బా మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకున్నాను.

దోర్నాపాల్ దారి

బండి లచ్చయ్యది. దోర్ల తెగ మనిషి, పాతికేళ్ళుంటాయేమో. అతని ఆస్తి ఆ బండీ, రెండెద్దులూ. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. మచ్చలదానితో అతను దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. తెలుగే గాని సగం నాకు అందలేదు. మా బండి ముందు రెండు బళ్ళు, వెనక ఒకటి. అందరూ కర్రలతో కాడిమీద టకటకా కొడుతూ, గట్టిగా అరుచుకుంటూ నడిపిస్తున్నారు. ఎందుకని అడిగితే, వచ్చేది ఏదైనా ఉంటే మనం వస్తున్నామని దానికి ముందే తెలియాలన్నాడు లచ్చయ్య. ఆ తర్వాత అరుపులు ఆగినప్పుడల్లా నా గుండె ఆగింది.

ఒక వాగు దగ్గర తడి ఇసకలో పంజా గుర్తు చూపించారు. నీళ్ళింకా ఊరుతున్నాయి దాంట్లో. నేను బండిలో కూలబడి, తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను. తెలియనివాళ్ళని కూడా పిలిచి ఉంటాను.

ఆ వాగు దాటడం మచ్చల ఎద్దుకి కష్టమైంది. గట్టెక్కాక నురగలు కక్కింది. దోర్నాపాల్‌లో మజిలీ చేసినప్పుడు తెల్లది హాయిగా పడుకుని నెమరు వేస్తుంటే, ఇది తల వేలాడేసి నిలబడింది. ఎడమ డొక్క ఉబ్బింది. పాపయ్యగారు తెలిసినవాళ్ళ ఇంటికి వెళ్ళిన సమయం చూసి లచ్చయ్య నా దగ్గరికొచ్చి, వాము ఉందా అని అడిగాడు. పిల్లలకి అజీర్తి చేస్తే వాడేది ఎద్దుకీ పనిచేస్తుందేమోనని వామూ అల్లమూ నూరి ఇచ్చాను. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పట్టాడు.

"సేటుకి చెప్పమాకమ్మా. ఇంకో బండి మాట్లాడుకుంటడు. ఇది ఎట్లనో లాగుతది."

చెప్పనన్నాను. అదేమంత పెద్ద విషయమని అనిపించలేదు.

సుక్మా సంత

సుక్మా చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆరోజే సంత. ఇప్పపూలు, చింతపండు, కోళ్ళు, ఇప్పసారా కుండలు, వెదురు బుట్టలు, ఒక మూల బాణాల ములుకులు. ఎవరూ అరవరు. మా రేవులో నలుగురు చేరితే చెవులు గింగురుమంటాయి, ఇక్కడ అంతమంది ఉన్నా మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆ నెమ్మది చూస్తే నాకు అదోలా భయమేసింది.

బండిని ఒక చెట్టు కింద విప్పి పాపయ్యగారు తన బేరాలకి వెళ్ళారు. నాకు పొగ వాసనతో పాటు కాలుతున్న మొక్కజొన్న వాసన తగిలింది. కొట్టు పెట్టుకున్నదానికి ఎక్కడ పొయ్యి కనబడితే అక్కడికి కాళ్ళు పోతాయి. పోయాను.

నలభై దాటిన మనిషి. పేరు బుద్రి అని తర్వాత తెలిసింది. మొక్కజొన్న పిండి ముద్దని మోదుగాకు మీద పెట్టి చేత్తో తడుతోంది, పైన ఇంకో ఆకు మూస్తోంది, నిప్పుల మీద పడేస్తోంది. ఆకు నల్లగా మాడాక ఒలిస్తే, ఈనెల అచ్చు పడిన రొట్టె బయటికొస్తోంది. మా దిబ్బరొట్టె కంటే పల్చన, అట్టు కంటే మందం. దాన్ని అరచేతిలో మడిచి, మధ్యలో ఎర్రటి పచ్చడి పూసి పక్కన పేరుస్తోంది. కోరంగి ఓడ వంటాయన చెప్పినదే ఇది. ఆయన చెప్పిన దేశం ఇక్కడికి ఎంత దూరమో, ఆ రొట్టె మాత్రం నా ఎదురుగా ఉంది. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాను.

రొట్టెలు బోలెడున్నాయి, కొనేవాళ్ళు లేరు. ఆమెకి రెండు వైపులా జాగా ఖాళీ. సంతలో పొయ్యి పక్కన జాగా ఖాళీగా ఉందంటే ఏదో ఉందని నాకు తట్టాలి. తట్టలేదు, నేను ఆమె చేతులు చూస్తున్నాను. వేళ్ళ కొసలు కాలి గట్టిపడ్డ చేతులు. నావీ అలాగే ఉంటాయి. ఆమె నన్ను చూసి, ఒక వేడి రొట్టె మడిచి నా చేతిలో పెట్టింది. డబ్బులు చూపిస్తే తల అడ్డంగా ఊపింది. పచ్చడి ఏమిటని సైగ చేశాను. పక్కనున్న ఆకుల ఉండ విప్పి చూపించింది. లోపల ఎర్రచీమలు, తెల్లటి గుడ్లు, ఇంకా కదులుతున్నాయి.

ఒళ్ళంతా జలదరించింది. కొట్టులో కందిపప్పు ఏరేటప్పుడు పురుగు కనిపిస్తేనే నేను రోజంతా అన్నం తినను. దానికి తోడు పాపయ్యగారి మాటలు చెవిలో మోగాయి. ఆయన చెప్పినట్టే తీసుకున్నాను, కళ్ళకద్దుకున్నాను, బండి దగ్గరికి వచ్చేశాను. ఇంతవరకూ బాగానే ఉంది. కాని అన్నం లాంటిదాన్ని పారెయ్యడానికి నాకు చేతులు రావు. మా ఇళ్ళలో మనం తినకూడనిది, తినలేనిది ఏదైనా ఉంటే గోవుకి పెడతాం. రోజూ నా పెనంమీద తొలి అట్టు ఆవుకే. మచ్చల ఎద్దు తల వేలాడేసుకుని నావైపే చూస్తోంది. పాపం, ఏమీ తినలేదని, దానికి పెట్టాను. సగం తింది, సగం కింద పడేసింది. నేను దాని నుదురు నిమిరి దణ్ణం పెట్టుకున్నాను.

తల ఎత్తేసరికి సంత మొత్తం నన్ను చూస్తోంది.

కోడిని పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉన్నాడు. లచ్చయ్య పరుగెత్తుకొచ్చాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఏం చేశావమ్మా, ఏం చేశావమ్మా అని రెండుసార్లు అన్నాడు. తర్వాత చెప్పాడు. ఇక్కడ ఒకరి చేతి తిండి తీసుకుంటే వాళ్ళ ఎదురుగానే నిలబడి కొరకాలి. ఆ చేతిలో మందు ఉందని అనుమానం ఉంటేనే ముందు పశువుకి పెట్టి చూస్తారు. మర్నాడు పొద్దు పొడిచేదాకా ఆ పశువుని కనిపెట్టుకుని ఉంటారు. కిందటి వానాకాలం పక్కింటి పసివాడు బుద్రి ఇంట్లో జావ తాగిన రెండు రోజులకి జ్వరంతో పోయాడట. అప్పట్నుంచీ ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం లేదు, కాని నోరు విప్పి ఆమెని మంత్రగత్తె అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. పై ఊరినుంచి వచ్చిన నేను, సంత నడిమధ్య, ఆ మాట అనేశాను.

ఎద్దు బతికితే ఏమవుతుందని అడిగాను. ఏమీ కాదట. చస్తే?

లచ్చయ్య పొయ్యివైపు చూశాడు. "ఎద్దు ఎవరిదో ఆ మనిషే నోరు తెరవాల. అంటే నేనే. నేను అంటే కొడతరు, ఇల్లు తగలబెడతరు, ఎల్లగొడతరు. ఏ ఊర్లనూ రానియ్యరు. అడివిల ఎన్నాళ్ళు బతుకుతది?"

ఎద్దు ఏ స్థితిలో ఉందో మా ఇద్దరికే తెలుసు.

పొయ్యి దగ్గర

పాపయ్యగారు వచ్చి వెంటనే బండి కట్టమన్నారు. ఊరి పటేలు ముసలాయన కర్ర ఊతంగా వచ్చి, పొద్దు పొడిచేదాకా బండి కదలదని నెమ్మదిగా చెప్పాడు. గొంతు పెంచలేదు. చుట్టూ చేరినవాళ్ళూ పెంచలేదు. అరిచినా బాగుండేదనిపించింది నాకు.

బుద్రి పని ఆపేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళమీద పిండి ఎండిపోయి పగుళ్ళిస్తోంది. నావైపు చూడలేదు, ఎద్దువైపు చూస్తోంది. నేనంటే కోపం ఉందా అని వెతికాను ఆ మొహంలో. భయం తప్ప ఏమీ లేదు. నాకు బాగా తెలిసిన భయం.

ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. ఆమె చేతిలో మందు లేదని నాకు నమ్మకం కలగలేదు. ఉందేమోననే అనుకున్నాను. తింటే చచ్చిపోతానేమో, కనకం బిడ్డని చూడనేమో అనుకున్నాను. అయినా నేను పెట్టిన ముద్దకి ఆమె ప్రాణం ముడిపడింది, ఆ ముడి విప్పడానికి నాకు ఇంకో దారి కనబడలేదు. పొయ్యి దగ్గరికి నడిచాను. పాపయ్యగారు వెనకనుంచి చెయ్యి పట్టుకున్నారు.

"కులం పోతది వదినా. ప్రాణం గూడ పోతది. నా మాటిను."

చెయ్యి విడిపించుకుని, బుద్రి ఎదురుగా నిలబడి అరచెయ్యి చాచాను. ఆమె కదల్లేదు. చాలాసేపు చాచే ఉంచాను. చివరికి ఆమె ఒక రొట్టె ఒలిచి, మడిచి పెట్టింది. అక్కడే నిలబడి కొరికాను.

నోట్లో మొదట మాడిన మోదుగాకు వాసన, తర్వాత మొక్కజొన్న తీపి. ఆపైన ఆ పచ్చడి. చింతచిగురూ నిమ్మకాయా కలిపి నూరినంత పులుపు, వెనకే మిరప మంట. చీమలనే సంగతి మర్చిపోదామని చూశాను గాని కుదరలేదు, పళ్ళకింద తెలుస్తూనే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. మంటకా, భయానికా, చెప్పలేను. ఇంత భయంలోనూ నా పాడు బుద్ధి పోనిచ్చుకోలేదు, పచ్చట్లో ఉప్పు తక్కువైందని గమనించాను. మొత్తం తిన్నాను. తిని, ఆ రాత్రి బుద్రి ఇంట్లోనే పడుకుంటానని, ఎద్దుతో పాటు నన్ను కూడా కనిపెట్టి చూడమని లచ్చయ్య చేత పటేలుకి చెప్పించాను. పటేలు నన్ను కిందనుంచి పైదాకా చూసి తల ఊపాడు.

ఆ రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు. నిద్ర పట్టలేదు, కడుపులో గుడగుడమన్నప్పుడల్లా అయిపోయిందనుకున్నాను. బుద్రికీ పట్టలేదు.

పొద్దున

మచ్చల ఎద్దు తెల్లవారకముందే చచ్చిపోయింది.

నేను వెళ్ళేసరికి దాని చుట్టూ మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. లచ్చయ్య దాని మెడమీద తల పెట్టి కూర్చున్నాడు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. నిన్న లేవు. అందరూ లచ్చయ్య నోటికోసం చూస్తున్నారు. అతను తల ఎత్తడం లేదు. ఎద్దు ముందునుంచే జబ్బుదని నేను చెప్పెయ్యొచ్చు. కాని తిండి పెట్టి నింద వేసినదాన్ని నేనే, ఇప్పుడు నా మాటకి విలువేముంది? చెప్పవలసినది ఎద్దుగలవాడు. చెబితే పాపయ్యగారి దగ్గర అతని పని పోతుంది. చెప్పకపోతే బుద్రి పోతుంది. నేను లచ్చయ్యనే చూస్తూ నిలబడ్డాను.

అక్కడ ఇంకాసేపు నిలబడితే పడిపోయేదాన్ని. నాకు చేతనైన పని ఒక్కటే. బుద్రి పొయ్యి దగ్గరికి వెళ్ళి నిప్పు రాజేశాను. పిండి ముద్ద తీసుకుని ఆకుమీద తట్టడం మొదలుపెట్టాను. మొదటిది చిరిగింది. ఎప్పుడు వచ్చిందో, బుద్రి వచ్చి పక్కన కూర్చుంది. ఆమె తట్టింది, నేను కాల్చాను. నేను తట్టాను, ఆమె ఒలిచింది. నా డబ్బాలో ఉప్పు గుప్పెడు తీసి పచ్చట్లో కలిపాను, ఆమె వేలితో రుచి చూసి నావైపు చూసింది. రొట్టెలన్నీ ఒకచోట పేర్చాం. ఏ రొట్టె ఎవరి చేతిదో ఎవరూ చెప్పలేరు. గుంపు ఇటు తిరిగింది. ఒక్కరూ ముందుకి రాలేదు.

లచ్చయ్య లేచాడు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. గుంపు అతనికి దారిచ్చింది. పొయ్యి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బుద్రి ఊపిరి బిగబట్టడం నా పక్కనే తెలుస్తోంది.

ముందు వాళ్ళ మాటలో చెప్పాడు, తర్వాత పాపయ్యగారివైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "నిన్నటి రొట్టెతోటి పోలే నా ఎద్దు. వాగు కాడనే నెమరు ఆపింది. దోర్నాపాల్ల ఈయమ్మనడిగి వాము పట్టిన. నీకు తెలిస్తే బండి మారుస్తవని దాచిన. అంతే సేటూ."

చెప్పి, బుద్రి ముందు అరచెయ్యి చాచాడు. ఆమె పెట్టింది. అక్కడే నిలబడి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే తిన్నాడు.

పటేలు తినలేదు. కర్ర ఊతంగా తన ఇంటివైపు నడిచాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. కర్రలు పట్టుకున్నవాళ్ళు అవి ఎందుకు తెచ్చారో మర్చిపోయినట్టు భుజాన వేసుకుని పోయారు. పాపయ్యగారు ఊళ్ళో తెలిసిన కొట్టువాళ్ళ దగ్గర ఇంకో ఎద్దు దొరుకుతుందేమో అడగడానికి వెళ్ళారు. లచ్చయ్యనే బండి కట్టమన్నారు. అందుకు ఆయనమీద నాకు గౌరవం పెరిగింది.

దంతెవాడ

తర్వాత కొండదారి. అక్కడ పులి కంటే లోయలు ఎక్కువ భయపెట్టాయి. దంతెవాడలో నదులు కలిసేచోట అమ్మవారి గుడికి వెళ్ళి, ఏం మొక్కుకోవాలో తెలియక ఊరికే నిలబడి వచ్చాను. కనకం నొప్పులు పడిన రోజున నేను పొయ్యిమీద నీళ్ళు పెట్టి నాలుగుసార్లు మరిగించాను, కాన్పు చేసిన కోయ మంత్రసాని నన్ను చూసి నవ్వింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. సంగతంతా కనకానికి చెబితే ముక్కుమీద వేలేసుకుని, ఊళ్ళో మాత్రం ఎవరికీ చెప్పకక్కా అంది. పాపయ్యగారూ అదే అన్నారు. నేనే ఆగలేకపోయాను. ఇంటికొచ్చిన వారానికే రేవులో చెప్పేశాను.

తిరుగుదారి

తిరుగు ప్రయాణంలో సుక్మా దగ్గరపడుతున్నకొద్దీ నాకు అన్నం సహించలేదు. ఆమె ఉందో లేదో లచ్చయ్యని అడుగుదామని నోటిదాకా వచ్చి, ఏం వినాల్సివస్తుందోనని మింగేశాను. మళ్ళీ సంతరోజే చేరాం. బండి ఆగకముందే పొగకోసం వెతికాను.

పొగ ఉంది. బుద్రి ఉంది. ఆమె పొయ్యి ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు, ఒక పక్క జాగాలో ఎవరో ముసలామె చింతపండు పెట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. దగ్గరికి వెళ్ళాను గాని, వెంటనే పిలవలేకపోయాను. ఆమె రొట్టె ఒలిచి, మడిచి, పచ్చడి పూసి, ఇచ్చేముందు ఒక మూల తుంచి తన నోట్లో వేసుకుంటోంది. నమిలి, మింగి, నోరు తెరిచి చూపిస్తోంది. అప్పుడు వాళ్ళు చెయ్యి చాస్తున్నారు. మొదటివాడికి అలా చేసింది. రెండోవాడికి చేసింది. మూడో మనిషికీ చేసింది. ఎవరూ అడగడం లేదు, ఆమే చేస్తోంది. కిందటిసారి చూసినప్పటికంటే మొహం పీక్కుపోయింది, రొట్టెలు తిని తిని ఆకలి చచ్చిపోయిన మొహం.

నా వంతు వచ్చింది. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది. రొట్టె ఒలిచింది, మడిచింది, పచ్చడి పూసింది. అలవాటుగా వేళ్ళు మూల దగ్గరికి పోయాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపి, మూల తుంచనివ్వకుండానే రొట్టె లాక్కుని కొరికాను. ఉప్పు సరిగ్గా ఉంది. చెయ్యి ఊపి ఆ మాట చెప్పాను. బుద్రి నవ్వింది. నా డబ్బాలో మిగిలిన ఉప్పంతా ఆమె ఒళ్ళో పోశాను.

నా వెనక ఇంకొకతను వచ్చి నిలబడ్డాడు. నేనింకా అక్కడే నములుతున్నాను. బుద్రి అతని రొట్టె మడిచి, మూల తుంచి, తన నోట్లో వేసుకుంది.

భద్రాచలం రేవులో నా కొట్టు రోజూ తీసే ఉంటుంది. రావడం మానేసినవాళ్ళు రండి, అట్టు వేడిగా వేసి పెడతాను. భయమైతే ముందు నేనే ఓ మూల తుంచి తింటాను.